పన్ను పీకించాలా, రూట్ కెనాల్ చేయించాలా? పీకించాక ఏం పెట్టించాలి?

"పీకేయండి సార్, పీడా పోద్ది."

తెనాలిలో క్లినిక్ పెట్టి పద్దెనిమిదేళ్ళయింది, ఈ మాట వినని వారం లేదు. బుగ్గ బూరెలా పొంగి, రాత్రంతా నిద్రలేక కళ్ళు ఎర్రబడిన మనిషి కుర్చీలో కూర్చోగానే అనే మాట అది. ఆ క్షణంలో ఆయనకి నొప్పి పోవడం ఒక్కటే కావాలి. క్యాప్ (పన్ను మీద వేసే తొడుగు), బ్రిడ్జి (పక్క పళ్ళకి తొడుగులు వేసి మధ్య ఖాళీలో నిలిపే పన్ను) లాంటి మాటలు చెవికెక్కవు. సరేనని పీకేస్తే దండం పెట్టి వెళ్ళిపోతాడు. రెండు మూడేళ్ళకి మళ్ళీ వస్తాడు. "ఇటు పక్క నమల్లేకపోతున్నా సార్. పక్క పన్ను వాలిపోయింది, పై పన్ను కిందికి దిగింది." ఆ ఖాళీని అప్పుడు సరిచేయడానికి అయ్యే ఖర్చు, మొదట్లోనే పన్ను నిలబెట్టుకోవడానికి అయ్యేదాన్ని దాటిపోతుంది.

అలాగని ప్రతి పన్నునీ కాపాడి తీరాలని నేననను. "దీని మీద డబ్బు పోయకండి, తీసేద్దాం" అని నేనే చెప్పిన పళ్ళు చాలా ఉన్నాయి. ఏ పన్ను విషయంలో అయినా ఇవాళ్టి బిల్లుతో పాటు, పన్ను తీసేశాక ఆ ఖాళీకి పెట్టాల్సిన ఖర్చునీ కలిపి చూడమంటాను. చాలామంది మొదటి సగం లెక్కే వేసుకుని వస్తారు.

## నొప్పి తీరుని బట్టి

చల్లనీళ్ళు తగిలితే జివ్వుమని, గుటక వేసేలోపు పోతోందా? పుచ్చు ఇంకా నరం దాకా వెళ్ళి ఉండకపోవచ్చు. చాలాసార్లు సిమెంటు పెట్టించుకుంటే సరిపోతుంది. ఒక్క సిట్టింగ్ పని, ఖర్చూ తక్కువ. ఈ దశలో వచ్చేవాళ్ళు తక్కువ, అదే బాధ.

చల్లనిది తీసేశాక కూడా నిమిషాల తరబడి లాగుతోందా, వేడి కాఫీకి పోట్లు వస్తున్నాయా, పడుకుంటే ఎక్కువవుతోందా? నరం దెబ్బతింది. ఇక సిమెంటుతో పోదు. రూట్ కెనాల్ (లోపలి నరం తీసేసి పన్నుని నిలబెట్టే పని) చేయించాలి, లేదా పీకించాలి.

వారం రోజులు చంపుకుతిన్న నొప్పి ఒక రోజు హఠాత్తుగా ఆగిపోతే సంబరపడకండి. లోపల నరం చచ్చిపోయి ఉంటుంది. కొన్ని వారాలకో నెలలకో చిగురు మీద చిన్న చీము పొక్కు లేస్తుంది, చితుకుతుంది, మళ్ళీ లేస్తుంది. నొప్పి లేదు కదా అని జనం దాన్ని ఏళ్ళ తరబడి పెంచుతారు. లోపల ఎముక కరుగుతూ ఉంటుంది.

## మందులతో నెట్టుకురావడం

పీకించుకోవడం కన్నా, రూట్ కెనాల్ కన్నా జనం ఎక్కువగా ఎంచుకునేది ఇదే. మెడికల్ షాపులో "పంటినొప్పి" అనగానే ఒక యాంటీబయాటిక్, ఒక నొప్పి మాత్ర, ఒక గ్యాస్ మాత్ర కలిపి చిన్న పొట్లం కట్టిస్తారు. మూడు రోజులు హాయి. పది రోజులకి మళ్ళీ పొట్లం.

నరం వాచిన పంటి నొప్పికి యాంటీబయాటిక్ పనిచేయదు. నరం చచ్చిన పన్నులో రక్త ప్రసరణే ఉండదు కాబట్టి మందు లోపలికి చేరదు. చుట్టుపక్కల వాపు కాస్త తగ్గవచ్చు, లోపలి కుళ్ళు అలాగే ఉంటుంది. వాపు పాకుతున్నా, జ్వరం ఉన్నా యాంటీబయాటిక్ అవసరమే, కానీ పంటికి చేయాల్సిన పనితో పాటే వాడాలి. వాపు మెడ వైపు దిగినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్ళండి, పొద్దున చూద్దాంలే అనుకోవద్దు.

లవంగనూనె ఒక పూట గడవడానికి పనికొస్తుంది. చిన్న దూది ఉండకి ఒక చుక్క అద్ది, పుచ్చు గుంటలో మాత్రమే పెట్టాలి. సీసా వంచి పోసుకుంటే చిగురు కాలి తెల్లగా పొరలూడుతుంది. నొప్పి మాత్ర పొడి చేసి పన్ను పక్కన దట్టించేవాళ్ళదీ ఇదే కథ. మాత్ర పనిచేయాలంటే మింగాలి.

## ధర అడిగే ముందు చూసుకోవలసినవి

నేను ఎక్స్‌రే చేతిలో పట్టుకుని మనసులో వేసుకునే ప్రశ్నలివి. మీరూ వేసుకోండి.

పన్ను ఎంత మిగిలింది? చిగురు పైన చుట్టూ రెండు మిల్లీమీటర్ల గట్టి పన్ను అయినా ఉంటేనే క్యాప్ పట్టు దొరుకుతుంది. చిగురు కిందికి విరిగినదానికి, వేరు నిలువుగా చీలినదానికి ఎంత డబ్బు పోసినా నిలవదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

ఏ పన్ను? ముందు పళ్ళ మధ్య నుంచి ఒక పక్కకి లెక్కిస్తే ఆరో పన్ను నమలడానికి మూలస్తంభం. దాన్ని ఊరికే వదులుకోవద్దు. జ్ఞానదంతానికి రూట్ కెనాల్ సాధారణంగా దండగ. ఏడో పన్ను మధ్యస్తం. దానికి ఎదురు పన్ను లేకపోతే, ఆరు దాకా గట్టిగా ఉంటే, తీసి ఖాళీగా వదిలేసినా చాలామందికి తేడా తెలియదు.

చిగురు, ఎముక ఎలా ఉన్నాయి? వేలితో ఊపితే ఊగే పన్నులో నరం బాగుచేసి లాభం లేదు. ఇల్లు బాగానే ఉంది, పునాదే పోయింది.

ఒంటి సంగతి ఏమిటి? షుగరు, గుండెకి స్టెంటు, రక్తం పల్చబడే మాత్రలు, ఎముకల ఇంజెక్షన్లు, సిగరెట్టు, ఖైనీ. వీటిలో ఏది ఉన్నా ఎంపిక మారవచ్చు.

ఎన్నిసార్లు రాగలరు? పీకడం ఒక రోజు పని. రూట్ కెనాల్, క్యాప్ కలిపి రెండు నుంచి నాలుగు సార్లు. ఇంప్లాంట్ (దవడ ఎముకలో స్క్రూ పెట్టి దాని మీద వేసే పన్ను) నెలల పని.

డబ్బు సంగతి చివర పెట్టాను. పైవాటికి జవాబులు తెలిస్తే సగం ఎంపికలు వాటంతటవే రాలిపోతాయి, మిగిలినవాటి ధర అడిగితే చాలు.

## రూట్ కెనాల్: లోపల జరిగేది

పేరు చెప్తేనే భయపడేవాళ్ళున్నారు. చేసేది మాత్రం ఇంటి పనిలాంటిదే. పంటి మధ్యలో రంధ్రం చేసి, కుళ్ళిన నరాన్ని సన్నని ఫైళ్ళతో గీకి తీస్తాం. బ్లీచింగ్ వాసన వచ్చే హైపోక్లోరైట్ ద్రవంతో కడుగుతాం. ఆరబెట్టి, గట్టాపెర్చా అనే గులాబీ రంగు సన్న పుల్లలతో నింపి మూసేస్తాం. మత్తు ఇచ్చాక చేసే పని కాబట్టి చాలామందికి నొప్పి తెలియదు. బాగా వాచి చీముతో వచ్చినవాళ్ళకి మత్తు సరిగ్గా పట్టదు. అందుకే ముందు చీము తీసి, నాలుగు రోజులాగి చేస్తాం. "నాకు చేస్తుంటే ప్రాణం పోయింది" అనే కథల్లో చాలావరకు ఆఖరి నిమిషంలో వచ్చినవాళ్ళవే.

కష్టమంతా దారులు వెతకడంలో ఉంటుంది. పైదవడ ఆరో పన్నుకి మూడు వేర్లు, కానీ నాలుగో సన్నదారి ఒకటి తరచుగా దాక్కుని ఉంటుంది. జుట్టు వెంట్రుకంత ఆ దారి కోసం నేను ఒక్కోసారి అరగంట తడుముతాను. అది దొరక్కుండా మూసేస్తే ఏడాదికో రెండేళ్ళకో నొప్పి మళ్ళీ వస్తుంది. "రూట్ కెనాల్ చేయించినా తగ్గలేదు" అనేవాళ్ళలో కొందరిది ఇదే. ఇంకొందరిది మరీ మామూలు కారణం: నొప్పి పోయింది కదా అని క్యాప్ వేయించుకోరు.

క్యాప్ దగ్గర కొంచెం ఆగాలి. రూట్ కెనాల్ చేసిన వెనక పన్ను పైకి నిండుగా కనిపించినా లోపల డొల్ల. కిందటి సంక్రాంతి వెళ్ళాక ఒకావిడ వచ్చారు. ఆర్నెల్ల కిందట రూట్ కెనాల్ అయింది, క్యాప్ "పండగ తర్వాత చూద్దాం" అన్నారు. చేగోడీ కొరికితే టక్కుమందట. ఎక్స్‌రేలో పన్ను రెండు చెక్కలు, గీత వేరు దాకా దిగింది. చేసిన రూట్ కెనాల్ డబ్బూ పోయింది, పన్నూ పోయింది. కాబట్టి వెనక పన్నుకి ధర అడిగేటప్పుడు రూట్ కెనాల్, లోపలి ఫిల్లింగ్, క్యాప్ మూడూ కలిపి అడగండి. క్యాప్‌కి డబ్బు కుదరదనుకుంటే ఆ మాట మొదలుపెట్టే ముందే డాక్టరుకి చెప్పండి. ముందు పళ్ళకి మాత్రం రంధ్రం చిన్నదై, మిగతా పన్ను గట్టిగా ఉంటే క్యాప్ లేకుండా తెల్ల ఫిల్లింగుతో గడిచిపోతుంది.

బాగా చేసి, క్యాప్ వేసిన పళ్ళలో ఎక్కువ భాగం పదేళ్ళు దాటి నిలుస్తాయి. నూరేళ్ళ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు.

### క్యాప్‌లో ఏ రకం?

పూర్తి మెటల్ క్యాప్ చవక, గట్టిది, పన్నుని తక్కువ అరగదీస్తే చాలు. నవ్వితే కనబడని ఏడో పన్నుకి ఇది మంచి బేరమని ఇప్పటికీ చెప్తాను, ఎవరూ ఒప్పుకోరు. మెటల్ మీద తెల్ల సిరామిక్ వేసినది మధ్య ధరలో ఉంటుంది. ఏళ్ళు గడిచాక పైపెంకు చిట్లవచ్చు, చిగురు దగ్గర నల్ల గీత కనబడవచ్చు. జిర్కోనియా తెల్లగా, గట్టిగా ఉంటుంది, ధర ఎక్కువ. ముందు పళ్ళకీ, నవ్వితే కనబడే నాలుగు, ఐదు పళ్ళకీ స్తోమత ఉంటే అదే వేయించుకోండి.

క్యాప్‌తో ఇచ్చే వారంటీ కార్డు చూసి మురిసిపోవద్దు. అది క్యాప్ విరిగితే వర్తిస్తుంది. క్యాప్ అంచు కింద పన్ను పుచ్చిపోతే ఏ కార్డూ పనికిరాదు, ఎక్కువగా జరిగేది మాత్రం రెండోదే.

## పీకించడమే మేలైన సందర్భాలు

చిగురు కిందికి విరిగినవి, వేరు చీలినవి, చిగుళ్ళ జబ్బుతో బాగా ఊగేవి, అడ్డంగా పడుకుని పక్క పన్నుని పొడుస్తున్న జ్ఞానదంతాలు. వీటికి రెండో ఆలోచన అక్కర్లేదు. పై పన్ను పీకితే కంటిచూపు పోతుందని ఇప్పటికీ భయపడే అత్తయ్యలు, బాబాయిలు ఉన్నారు. పంటి నరానికీ చూపు నరానికీ సంబంధం లేదు.

స్టెంటు వేయించుకున్నవాళ్ళు పీకించే ముందు రక్తం పల్చబడే మాత్ర సొంతంగా ఆపేయడం పెద్ద పొరపాటు. చిగురు దగ్గర కారే రక్తాన్ని దూదితో, కుట్టుతో ఆపగలం. స్టెంటులో గడ్డ కడితే ప్రాణం మీదికి వస్తుంది. మాత్రల స్ట్రిప్పు పట్టుకొచ్చి చూపించండి, గుండె డాక్టరుతో మేం మాట్లాడతాం.

ఎముకలు గుల్లబారాయని జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి ఇంజెక్షన్ వేయించుకునే పెద్దవాళ్ళు, క్యాన్సరుకి అలాంటివి వాడుతున్నవాళ్ళు ఆ సంగతి అడగకపోయినా చెప్పాలి. వీళ్ళకి పన్ను పీకిన చోట దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. విరిగిన పన్నుకైనా సరే పీకకుండా రూట్ కెనాల్ చేసి వేరుని అలాగే ఉంచేస్తాం. మిగతావాళ్ళకి దండగైన పని వీళ్ళకి రక్ష.

పీకించాక మొదటి రోజు పుక్కిలించవద్దు, ఉమ్మవద్దు, స్ట్రాతో తాగవద్దు, సిగరెట్టు జోలికి పోవద్దు. గుంటలో కట్టిన రక్తపు గడ్డే పైకట్టు. అది ఊడిపోతే రెండు మూడు రోజులకి చెవి దాకా లాగే నొప్పి మొదలవుతుంది. పీకకముందు నొప్పే నయం అనిపిస్తుంది.

## పీకించాక ఆ ఖాళీకి ఏం పెట్టించాలి?

ఖాళీగా వదిలేయడం కూడా ఒక ఎంపికే. జ్ఞానదంతం అయితే అదే సరైనది. ఏడో పన్ను సంగతి పైన చెప్పాను. ఆరో పన్ను, దాని ముందున్నవి మాత్రం వదిలేస్తే పక్కవి వాలతాయి, ఎదురుది జారుతుంది, తిండి ఇరుక్కుంటుంది, మనిషి తెలియకుండానే ఒకవైపే నమలడం అలవాటు చేసుకుంటాడు. పీకిన చోట ఎముక మొదటి ఏడాదిలోనే వెడల్పులో సగం దాకా తగ్గవచ్చు. తర్వాత ఇంప్లాంట్ పెట్టిద్దామనుకుంటే ఆలస్యం చేసిన కొద్దీ పని కష్టమవుతుంది, ఖర్చు పెరుగుతుంది.

| చూడవలసినది | తీసి పెట్టుకునే పన్ను | బ్రిడ్జి | ఇంప్లాంట్ |
|---|---|---|---|
| పక్క పళ్ళు | అరగదీయరు, కొక్కేలు ఆనుతాయి | రెండు వైపులా అరగదీయాలి | ముట్టుకోరు |
| ఆపరేషన్ | లేదు | లేదు | చిన్న సర్జరీ |
| పట్టే కాలం | కొద్ది రోజులు | ఒకటి రెండు వారాలు | సాధారణంగా 3 నుంచి 6 నెలలు |
| నమిలే బలం | తక్కువ | బాగుంటుంది | సొంత పన్నుకి దగ్గర |
| ఖాళీ కింద ఎముక | తగ్గుతూ పోతుంది | తగ్గుతూ పోతుంది | చాలావరకు నిలుస్తుంది |
| ఖర్చు | అన్నిటికన్నా తక్కువ | మధ్య | అన్నిటికన్నా ఎక్కువ |
| పాడైతే | మళ్ళీ చేయించడం తేలిక | ఆధారమైన పన్ను కూడా పోవచ్చు | తీసి, ఎముక మానాక మళ్ళీ పెట్టాలి |

తీసి పెట్టుకునే పన్నుని చిన్నచూపు చూడొద్దు. పీకిన గాయం మానేదాకా, డబ్బు సర్దుబాటయ్యేదాకా, ఒంట్లో బాగాలేని పెద్దవాళ్ళకి అది చక్కగా పనికొస్తుంది. పడుకునే ముందు తీసి మామూలు నీళ్ళలో వేయాలి. వేడినీళ్ళలో వేస్తే వంకరపోతుంది. కడిగేటప్పుడు కింద నీళ్ళున్న గిన్నె పెట్టుకోండి. సింకులో జారిపడి విరిగినవి మాకు నెలకి ఒకటైనా వస్తాయి.

బ్రిడ్జి గురించి నా అభిప్రాయం మారుతూ వచ్చింది. పక్క రెండు పళ్ళకీ అప్పటికే పెద్ద ఫిల్లింగులో, రూట్ కెనాలో ఉంటే బ్రిడ్జి తెలివైన పని. వాటికి ఎలాగూ క్యాప్ కావాలి, మధ్యలో పన్ను కలిసొస్తుంది. ఆ రెండూ ముత్యాల్లాంటి పళ్ళైతే, ఒక్క ఖాళీ కోసం రెండు మంచి పళ్ళని అరగదీయడానికి నాకిప్పుడు చేయి రాదు. పదేళ్ళు, పదిహేనేళ్ళు వస్తుంది. తర్వాత మూడు పళ్ళ సమస్యగా తిరిగి రావచ్చు. ఇంకో మెలిక, బ్రిడ్జి కింద దారం నేరుగా పోదు. సన్నని బ్రష్షుతో పక్కనుంచి తోమే ఓపిక ఉండాలి.

ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో టైటానియం స్క్రూ. టైటానియం ఎముకతో అతుక్కుంటుందని స్వీడన్ పరిశోధకుడు బ్రోనెమార్క్ కుందేళ్ళ కాలి ఎముకల మీద వేరే ప్రయోగం చేస్తూ గమనించాడు. పెట్టిన పరికరం మళ్ళీ ఊడి రాలేదు. 1965లో మొదటిసారి మనిషి దవడలో పెట్టాడు. ఆ రోగికి అవి చనిపోయేదాకా, నలభై ఏళ్ళు పనిచేశాయి. సరిగ్గా ఎంచుకున్న మనుషుల్లో పదేళ్ళ తర్వాత కూడా నూటికి 90కి పైగా నిలుస్తాయి.

ఆ "సరిగ్గా ఎంచుకున్న" అన్నదే ముఖ్యం. షుగర్ మూడు నెలల సగటు (HbA1c) 7 దగ్గరుంటే ధైర్యంగా ముందుకెళ్తాం. 8 దాటితే ముందు షుగరు దారికి తెచ్చుకుని రమ్మంటాను. సిగరెట్టు మానలేనివాళ్ళకి ఫెయిలయ్యే అవకాశం ఎక్కువ. చిగుళ్ళ జబ్బుతో పళ్ళు ఊడినవాళ్ళకి అదే జబ్బు ఇంప్లాంటు చుట్టూ కూడా వస్తుంది. పైదవడ వెనక భాగంలో ఎముక పల్చగా ఉంటే అదనపు సర్జరీ కావాలి. "మూడు రోజుల్లో పళ్ళు" అనే ఫ్లెక్సీలు చూసి వచ్చేవాళ్ళకి ఒకటే చెప్తాను: కొందరికి అది కుదురుతుంది, మీకు కుదురుతుందో లేదో త్రీడీ స్కాన్ చూశాకే ఎవరైనా చెప్పగలిగేది. పెట్టించుకున్నాక కంపెనీ పేరు, సైజు రాసిన కార్డు అడిగి తీసుకుని భద్రంగా దాచండి. పదేళ్ళ తర్వాత స్క్రూ వదులైతే, ఆ కార్డు లేకపోతే సరిపోయే పార్టు వెతకడం గడ్డివామిలో సూది వెతకడమే.

## మీరు ఎవరైతే ఏం చేయాలి

కూలి పనికి వెళ్ళేవాళ్ళు, నాలుగుసార్లు రాలేనివాళ్ళు. ఒకే సిట్టింగులో రూట్ కెనాల్ అవుతుందేమో అడగండి, చాలా పళ్ళకి అవుతుంది. డబ్బే ఇబ్బందైతే ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి: హైదరాబాద్ అఫ్జల్‌గంజ్, విజయవాడ, కడప. ప్రైవేటు డెంటల్ కాలేజీల్లోనూ బయటికన్నా తక్కువే అవుతుంది. విద్యార్థులు చేస్తారని జంకుతారు కానీ పక్కన ప్రొఫెసర్ ఉంటారు, ప్రతి మెట్టూ చూసి సంతకం పెడితేనే తర్వాతి మెట్టు. అక్కడ ఖర్చయ్యేది మీ టైము. రోడ్డు పక్కన బల్ల వేసుకుని పక్క పళ్ళకి సిమెంటుతో కట్టుడు పన్ను అంటించేవాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకండి. ఒక్క పన్ను కోసం వెళ్ళి, కింద కుళ్ళిన మూడు పళ్ళతో నా దగ్గరికి వచ్చినవాళ్ళని చూశాను.

అరవై దాటినవాళ్ళు. వయసు ఇంప్లాంటుకి అడ్డం కాదు, షుగరు, మందులు అడ్డం. ఎనభై ఏళ్ళ పెద్దాయనకి ఆరో పన్ను పోయి, మిగతా పళ్ళతో పప్పన్నం, ఇడ్లీ హాయిగా తింటుంటే నేనేమీ పెట్టను. పిల్లలు అమెరికా నుంచి ఫోన్ చేసి "బెస్ట్ ఏదైతే అది చేయండి అంకుల్" అంటారు. బెస్ట్ అంటే ఆయనకి కావలసినది.

విదేశాల్లో ఉన్నవాళ్ళు. అమెరికాలో చాలా డెంటల్ ప్లాన్లకి ఏడాదికి 1,000 నుంచి 2,000 డాలర్ల దగ్గర పరిమితి ఉంటుంది. అందుకే డిసెంబరులో మా క్లినిక్కులు కిటకిటలాడతాయి. మూడు వారాల సెలవులో రూట్ కెనాల్, క్యాప్, బ్రిడ్జి అయిపోతాయి. కానీ దిగిన మొదటి వారంలోనే రండి. పెళ్ళిళ్ళు, తిరుపతి అన్నీ అయ్యాక ఫ్లైటుకి మూడు రోజుల ముందు వస్తే క్యాప్ ఎత్తు సరిచూసుకునే వ్యవధి ఉండదు. ఇంప్లాంటుని రెండు ట్రిప్పుల పనిగా అనుకోండి. ఈసారి స్క్రూ, వచ్చేసారి పన్ను. మధ్యలో ఏదైనా తేడా చేస్తే అక్కడ చూసే డాక్టరుని ముందే మాట్లాడి ఉంచుకోవాలి. అది కుదరకపోతే ఇక్కడ మిగిలే డబ్బు అక్కడ పోతుంది.

గర్భిణులు. నాలుగు నుంచి ఆరో నెల వరకు పంటి పనులకి అనువైన కాలం. చీము, జ్వరం ఉంటే ఏ నెలలోనైనా చూడాల్సిందే. భరించడం వల్ల బిడ్డకి మేలేమీ జరగదు.

చిన్నపిల్లల అమ్మానాన్నలు. "పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి" అనే మాట సగం నిజం. వెనక పాలదంతాలు పది, పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. ఐదేళ్ళకే పీకేస్తే వెనకవి ముందుకి జరిగి, కొత్త పన్నుకి చోటుండదు. అందుకే వాటికి కూడా నరం శుభ్రం చేసి కాపాడతాం. పీకక తప్పకపోతే ఆ ఖాళీని పట్టి ఉంచే చిన్న తీగ పెట్టించాలి. ఇంకో సంగతి, ఆరేళ్ళప్పుడు పాలపళ్ళన్నిటి వెనక ఏ పన్నూ ఊడకుండానే ఒక కొత్త పన్ను వస్తుంది. అదే శాశ్వతమైన ఆరో పన్ను. పాలపన్ను అనుకుని పట్టించుకోరు, పదేళ్ళు నిండకముందే పుచ్చిపోతుంది. ఇవాళ రాత్రి టార్చి వేసి మీవాడి నోట్లో వెనక్కి చూడండి.

## రోజువారీ: పేస్టు, బ్రష్షు, క్లీనింగ్

పేస్టు పెట్టె మీద ఉప్పు, లవంగం, బొగ్గు బొమ్మలు వదిలేసి, వెనక సన్న అక్షరాల్లో ఫ్లోరైడ్ ఉందా అని చూడండి. 1,000 పీపీఎం దగ్గరుంటే చాలు. జివ్వుమనే పళ్ళకి సెన్సిటివ్ పేస్టు వాడొచ్చు, ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది. పుచ్చు వల్ల వచ్చే జివ్వుకి అది పనిచేయదు. బొగ్గు, గరుకు పళ్ళపొడి, ఇటుక పొడి పళ్ళని అరగదీస్తాయి, తెల్లగా అయినట్టు కనబడేది అందుకే. వేపపుల్లతో ఓపిగ్గా అన్ని వైపులా తోమితే చెడ్డదేం కాదు, కానీ వెనక పళ్ళ లోపలి వైపుకి అది అందదు. నూనె పుక్కిలించడం వల్ల హాని లేదు, బ్రష్షుకి బదులు మాత్రం కాదు.

ఒంగోలు పక్క కనిగిరి, దర్శి, పొదిలి వాళ్ళూ నల్గొండ వాళ్ళూ "మాకు ఫ్లోరైడ్ పేస్టు వద్దు కదా సార్" అంటారు. వాళ్ళ భయానికి కారణం ఉంది. ఆ ప్రకాశం ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, 1937లో, దేశంలో ఫ్లోరోసిస్ (నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళకి గోధుమ మచ్చలు, ఎముకలకి జబ్బు రావడం) గురించి మొదటి నివేదికలు అక్కణ్ణుంచి వచ్చాయి. కానీ ఆ గోధుమ మచ్చలు, చిన్నప్పుడు శాశ్వత పళ్ళు చిగురులో తయారవుతున్న కాలంలో తాగిన నీళ్ళ వల్ల వచ్చినవి. పెద్దయ్యాక తోమి ఉమ్మేసే పేస్టుతో రావు. మచ్చలున్న పన్ను కూడా పుచ్చుతుంది కాబట్టి పెద్దవాళ్ళు నిశ్చింతగా వాడండి. పిల్లలకి మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ళలోపు బఠాణీ గింజంత, అదీ మీరు పక్కన నిలబడి ఉమ్మించాలి.

బ్రష్షు మెత్తదే తీసుకోండి. కరెంటు బ్రష్షు కొంచెం మెరుగ్గా తోముతుంది, చేతులు వణికే పెద్దవాళ్ళకి బాగా ఉపయోగం. మామూలు బ్రష్షుతో రెండు నిమిషాలు తోమేవాళ్ళకి అంత ఖర్చు అక్కర్లేదు. ఒక్కసారే తోముతానంటే రాత్రిపూట తోమండి, పొద్దుటిది కాఫీ కోసం, రాత్రిది పళ్ళ కోసం అని మా స్టాఫ్ నర్సమ్మ అంటుంటుంది. పళ్ళ సందులకి దారం గానీ, సన్న బ్రష్షు గానీ వాడండి. పిన్నీసు వద్దు.

క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయనే మాట ఎప్పటికీ పోయేలా లేదు. ఏళ్ళ తరబడి పేరుకున్న గార పళ్ళని సిమెంటులా పట్టి ఉంచుతుంది, కిందేమో ఎముకని తినేస్తుంది. గార తీసేశాక అప్పటికే వదులైన సంగతి బయటపడుతుంది, అంతే. ఏడాదికోసారి, షుగరు ఉన్నవాళ్ళు, పొగ తాగేవాళ్ళు ఆర్నెల్లకోసారి చేయించుకోండి. ఇంప్లాంటుకైనా బ్రిడ్జికైనా ముందు క్లీనింగ్ చేయించాకే నేను మొదలుపెడతాను. వద్దన్నవాళ్ళకి రెండోదీ చేయను.

ఇంకా ఎటూ తేలకపోతే రెండో డాక్టరుని అడగండి, మొదటాయన ఏమీ అనుకోడు. వెళ్ళేటప్పుడు ఎక్స్‌రే ఫోనులో ఫోటో తీసుకుని, వాడే మందుల స్ట్రిప్పులు సంచిలో వేసుకుని వెళ్ళండి. అక్కడ "ఎంతవుతుంది" కన్నా ముందు "ఇదే మీ పన్నైతే ఏం చేయించుకునేవారు" అని అడిగి, జవాబు చెప్పడానికి ఎంతసేపు తీసుకుంటారో చూడండి.